ఆడిట్ కమిటీలో ఎవరి మనుషులు?

ఈ వాదన చేసిన ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. ఒకాయన ఉద్యోగకాలమంతా కంపెనీల ఖాతాలు తనిఖీ చేసి ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న చార్టర్డ్ అకౌంటెంటు. మన ఊళ్ల అలవాటు కొద్దీ అందరూ ఆయన్ని ఆడిటర్ గారనే అంటారు. రెండోవారు ఆయన అన్నగారి అమ్మాయి, హైదరాబాదులో ఒక లిస్టెడ్ కంపెనీకి కంపెనీ సెక్రటరీ. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం ఆడిట్ కమిటీకి కూడా కంపెనీ సెక్రటరీయే సెక్రటరీ. కాబట్టి ఆ గదిలో ఎవరు నోరు విప్పుతారో, ఎవరు టీ తాగి వెళ్లిపోతారో ఆమెకు బాగా తెలుసు. విషయం వినగానే ఎవరిది ఏ పక్షమో మీరు ఊహించే ఉంటారు. నేనూ ఊహించాను, తలకిందులైంది. కమిటీలో రకరకాల మనుషులు ఉండాలన్నది పెద్దాయన, దానివల్ల ఒరిగేదేమీ లేదన్నది ఆమె. నేను వింటూ కూర్చుని, ఆగలేని చోట మాత్రం బ్రాకెట్లలో దూరాను.

సెక్రటరీ: బాబాయ్, ఆడిట్ కమిటీలో ఆడవాళ్లూ, వేరువేరు వృత్తులవాళ్లూ, బయటి ప్రాంతాలవాళ్లూ కలిసి ఉంటే కంపెనీ లెక్కలు శుభ్రంగా ఉంటాయని కాలేజీ పిల్లలకు చెప్పారట. మూణ్నెల్లకోసారి ఆ మీటింగుకి కాయితాలు సర్దేదాన్ని నేను. నాకు మాత్రం అలా కనపడలేదు.

ఆడిటర్: ఎలా కనపడిందో చెప్పు మరి.

సెక్రటరీ: కమిటీ పనేమిటో ముందు చూడండి. క్వార్టర్ రిజల్ట్సు బోర్డుకి వెళ్లేముందు చదవాలి. ఆడిటర్ని ఎవర్ని పెట్టాలో సిఫారసు చెయ్యాలి. రిలేటెడ్ పార్టీ లావాదేవీలకి, అంటే ప్రమోటరు తన బావమరిది కంపెనీతో చేసుకునే బేరాలకి, సరే అనో కాదు అనో చెప్పాలి. అన్నిటికీ లెక్కే ఆధారం. వసూలు కాదని తెలిసిన బాకీకి ప్రావిజన్ తక్కువ పెట్టారా, సరుకు గేటు దాటకముందే అమ్మకం రాసేసుకున్నారా, ఖర్చుని ఆస్తిగా చూపించారా? ఇవి పట్టుకోవాలంటే బ్యాలెన్స్ షీటు వెనక ఏముందో చూడగల కన్ను కావాలి. ఒక రిటైర్డు ఐఏఎస్‌నీ, ఒక సైంటిస్టునీ, ఒక సంఘసేవకురాలినీ కూర్చోబెడితే వార్షిక నివేదికలో ఫొటో బాగుంటుంది. చివరి పేజీల్లో చిన్నక్షరాల నోట్సులో దాచింది మాత్రం దాగే ఉంటుంది.

ఆడిటర్: కన్ను కావాలన్నది ఒప్పుకుంటాను. చట్టమూ అదే అంటుంది. సెబీ నిబంధనలో కమిటీ సభ్యులందరికీ ఆర్థిక నివేదికలు చదివి అర్థం చేసుకునే శక్తి ఉండాలి, అకౌంటింగులోనో ఆర్థిక నిర్వహణలోనో నైపుణ్యం ఉన్నవారు కనీసం ఒకరుండాలి. ఒకరు చాలన్నారు, గమనించావా? ముగ్గురూ నలుగురూ సీయేలే ఉండాలని ఎందుకనలేదు?

సెక్రటరీ: అంతమంది దొరకరని.

ఆడిటర్: కాదు. కమిటీ అంటే రెండోసారి చేసే ఆడిట్ కాదు గనక. సీయేలే నలుగురు కూర్చుంటే ఏం జరుగుతుందో నాకు తెలుసు. నేనూ ఆ జాతివాణ్ణే. ప్రమాణం ఏమంటోంది, ఏ పేరాలో ఉంది, దానికి ఎన్ని అర్థాలు తియ్యొచ్చు అని గంటసేపు మాట్లాడుకుంటాం. చివరికి "నిబంధన ప్రకారం సరే" అంటాం. నిబంధన ప్రకారం సరే అయినంత మాత్రాన నిజం కావాలని లేదు కదా! అది తెలియాలంటే మా భాష రాని మనిషొకడు పక్కన కూర్చుని, "అసలు డబ్బు వచ్చిందా రాలేదా?" అని అడగాలి.

సెక్రటరీ: సత్యంలో అలాంటివాళ్లు లేరా?

(ఈ పేరు వస్తుందని తెలుసు. హైదరాబాదులో ఖాతాల గురించి ఎవరు వాదించుకున్నా పావుగంట లోపల సత్యం దగ్గరికే చేరతారు.)

ఆడిటర్: చెప్పు, ఎవరున్నారు?

సెక్రటరీ: 2008 చివర్లో సత్యం కంప్యూటర్స్ బోర్డు చూడండి. భారత ప్రభుత్వంలో క్యాబినెట్ సెక్రటరీగా చేసినాయన. ఐఐటీ ఢిల్లీకి డైరెక్టరుగా చేసినాయన. పెంటియం చిప్‌కి పితామహుడని పేరున్న ఇంజినీరు. ఐఎస్‌బీ డీన్. ఆర్థిక నివేదికల్ని ఎలా విశ్లేషించాలో పాఠ్యపుస్తకం రాసిన హార్వర్డ్ ప్రొఫెసరు. ఒక మహిళా డైరెక్టరు. మీరు అడిగే వైవిధ్యం ఇంతకన్నా ఏముంది? ఆడది ఉంది, అమెరికా ఉంది, ప్రభుత్వం ఉంది, విజ్ఞానశాస్త్రం ఉంది. ఆ ఏడాది సెప్టెంబరులో కార్పొరేట్ గవర్నెన్సుకి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. 2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాసేదాకా ఒక్కరికీ తెలియలేదు. పుస్తకాల్లో 5,361 కోట్ల నగదూ బ్యాంకు నిల్వలూ ఉంటే అందులో 5,040 కోట్లు లేనేలేవు. లేని వడ్డీ 376 కోట్లు రావలసి ఉన్నట్టు రాశారు. సెప్టెంబరు క్వార్టరుకి 649 కోట్ల నిర్వహణ లాభం చూపించారు. ఉన్నది 61 కోట్లు. మీ వైవిధ్యం ఏం చేసింది బాబాయ్?

ఆడిటర్: ఆగు. నువ్వు చెప్పింది బిరుదుల జాబితా. మనుషులు వేరు కావచ్చు, వాళ్లు అక్కడ కూర్చోడానికి కారణం మాత్రం ఒక్కటే. అందరూ గొప్పవాళ్లు. గొప్పవాళ్లు కాబట్టే పిలిచారు. అలా పిలిపించుకున్న మనిషి, పిలిచిన ఇంట్లో కూర్చుని "మీ బ్యాంకు పాసుపుస్తకం చూపించండి" అని అడగడు, అడిగితే చిన్నతనం అనుకుంటాడు. ఆ హార్వర్డ్ ప్రొఫెసరు ఆడిట్ కమిటీలో లేరు, పైగా కంపెనీనుంచి సలహా రుసుము కూడా అందుకునేవారు కాబట్టి ఇండిపెండెంట్ డైరెక్టరు లెక్కలోకే రారు. లెక్కల పుస్తకం రాసినవారికి కంపెనీతో విడిగా లావాదేవీ ఉంది, కమిటీలో ఉన్నవాళ్లకి లెక్కల పుస్తకం వృత్తి కాదు. నువ్వు దీన్ని వైవిధ్యం అంటున్నావు. నాకు ఒకే అచ్చులో పోసిన బొమ్మలు కనిపిస్తున్నాయి.

సెక్రటరీ: అయితే నా మాటే నెగ్గిందిగా! మోసం ఎక్కడ జరిగింది? సూక్ష్మమైన అంచనాల్లో కాదు, బ్యాంకు నిల్వలో. ఆడిటింగులో మొదటి ఏడాది ఆర్టికల్డ్ క్లర్కుకి కూడా నేర్పే పాఠం అది. బ్యాంకు నిల్వ ఎంతో బ్యాంకుకే ఉత్తరం రాసి అడగాలి, జవాబు కంపెనీ చేతుల్లోంచి కాకుండా నేరుగా ఆడిటరుకి రావాలి. అమెరికా ఎస్‌ఈసీ 2011లో, సత్యం ఆడిటర్లైన ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థల మీద ఇచ్చిన ఉత్తర్వులో ఉన్నది అదే. ఆ ఉత్తరాలు పంపడం, జవాబులు తెచ్చుకోవడం రెండూ సత్యం మేనేజ్‌మెంటుకే వదిలేశారని. 60 లక్షల డాలర్ల జరిమానా అక్కడే పడింది. కమిటీలో ఆడిట్ చేసి చెయ్యి కాల్చుకున్న మనిషి ఒక్కరుంటే ఒక్క ప్రశ్న అడిగేవారు: "బ్యాంకు కన్ఫర్మేషన్లు నేరుగా మీకొచ్చాయా?" అంతే. నాకు కావలసింది అలాంటి మనిషి. ఆ మనిషి ఆడా మగా, గుంటూరా గౌహతీయా అన్నది నాకు అనవసరం.

(ఆ ఆడిటర్ల సంగతి తర్వాత చాలా దూరం వెళ్లింది. 2018లో సెబీ వాళ్లని రెండేళ్లు నిషేధించడం, 2019లో సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్ దాన్ని కొట్టెయ్యడం అదొక వేరే పురాణం. ఇక్కడికి అక్కర్లేదు.)

ఆడిటర్: ఆ ఒక్క ప్రశ్న నీ సీయే అడుగుతాడని నీకెందుకంత ధీమా? లెక్కలు ఆపోశన పట్టిన మనిషి అధ్యక్షుడిగా ఉన్న కమిటీ ఒక అమెరికన్ ఇంధన కంపెనీలో ఉండేది. ఎన్రాన్. ఆ ఆడిట్ కమిటీ అధ్యక్షుడు స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూలుకి డీన్‌గా చేసిన అకౌంటింగ్ ప్రొఫెసరు రాబర్ట్ జెడికీ. నువ్వడిగే కన్ను అంతకన్నా పెద్దది ఎక్కడ దొరుకుతుంది? 1999 ఫిబ్రవరిలో కంపెనీ ఆడిటర్లు ఆర్థర్ ఆండర్సన్ వాళ్లు కమిటీ ముందుకొచ్చి, మీ అకౌంటింగ్ పద్ధతుల్లో కొన్ని ప్రమాదపు అంచున ఉన్నాయని చెప్పారు. చెప్పలేదని కాదు, చెప్పారు. తర్వాత అమెరికన్ సెనేట్ ఉపసంఘం విచారించి 2002లో నివేదిక ఇచ్చింది కదా, అందులో ఉంది. కమిటీలో ఒక్కరూ వద్దనలేదు. రెండో అభిప్రాయం తీసుకుందామని కూడా అనలేదు.

సెక్రటరీ: ఎన్రాన్ పేరు మీరే తెచ్చారు, మంచిదైంది. ఆ కమిటీలో ఇంకెవరున్నారో మీరు చెప్పలేదు. నేను చెప్తాను. హాంకాంగ్‌నుంచి రోనీ చాన్. బ్రెజిల్‌నుంచి ఒక బ్యాంకరు. ఇంగ్లండునుంచి మాజీ మంత్రి లార్డ్ వేకమ్. హ్యూస్టన్‌లో ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రికి అధిపతి అయిన డాక్టరు. ఒక ఆడమనిషి, వెండీ గ్రామ్. ఆవిడ అంతకుముందు అమెరికా ఫ్యూచర్స్ మార్కెట్లని నియంత్రించే కమిషన్‌కి అధ్యక్షురాలు. నాలుగు ఖండాలు, రెండు లింగాలు, వైద్యం, రాజకీయం, అకౌంటింగ్! పరీక్షకి వైవిధ్యం మీద నమూనా జవాబు రాయమంటే ఈ కమిటీనే రాసెయ్యొచ్చు. 2001 డిసెంబరు 2న ఎన్రాన్ దివాలా పిటిషన్ వేసింది.

(ఇక్కడ పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. చెప్పొద్దూ, నాకూ ఆమె గెలిచిందనే అనిపించింది.)

ఆడిటర్: ఆ ఊరి డాక్టరుగారి ఆసుపత్రికి విరాళాలిచ్చింది ఎవరు?

సెక్రటరీ: ఎన్రానూ, దాని పెద్దలూ.

ఆడిటర్: వెండీ గ్రామ్ పనిచేసిన విశ్వవిద్యాలయ కేంద్రానికి?

సెక్రటరీ: ఎన్రానే.

ఆడిటర్: లార్డు గారికి డైరెక్టరు ఫీజు కాకుండా నెలనెలా కన్సల్టెన్సీ రుసుము?

సెక్రటరీ: ఎన్రాన్. సరే, అర్థమైంది.

ఆడిటర్: నాలుగు ఖండాలనుంచి వచ్చినా అందరి కాళ్లకీ ఒకటే తాడు. అందుకే నేను వైవిధ్యం అన్నప్పుడు ముఖాలు లెక్కపెట్టడం లేదు. ఒక్కొక్కరి అన్నం, గౌరవం, స్నేహం ఎక్కడినుంచి వస్తున్నాయో లెక్కపెడుతున్నాను. అవి నాలుగు చోట్లనుంచి వస్తేనే అది నాలుగు రకాల కమిటీ.

సెక్రటరీ: అలాగైతే దానికి పాత పేరే ఉంది కదా, స్వతంత్రత. ఇండిపెండెన్స్. కుమార మంగళం బిర్లా కమిటీ సిఫారసుతో 2000లో లిస్టింగ్ ఒప్పందంలోకి 49వ క్లాజు వచ్చినప్పటినుంచీ ఉన్నదే. మీరు పాత సీసాకి కొత్త చీటీ అంటిస్తున్నారు. ఆడవాళ్లు ఉంటే లెక్కలు బాగుంటాయన్న మాట మీరు వదిలేసినట్టేగా?

ఆడిటర్: వదల్లేదు. పరిశోధనలు ఉన్నాయి. 2011లో శ్రీనిధి, గుల్, చుయ్ అనే ముగ్గురు అమెరికన్ కంపెనీలను తీసుకుని, మహిళా డైరెక్టర్లున్న చోట లాభాల నాణ్యత మెరుగ్గా ఉందని చూపించారు. మరుసటి ఏడాది అబట్ బృందం ఇంకో అధ్యయనంలో, బోర్డులో మహిళ ఉన్న కంపెనీలు తమ పాత లెక్కల్ని తప్పని వెనక్కి తీసుకుని మళ్లీ రాసే సందర్భాలు తక్కువని తేల్చింది.

సెక్రటరీ: అదే 2011లో సన్, లియు, లాన్ అని ఇంకో ముగ్గురు. వాళ్లు చూసింది బోర్డుని కాదు, నేరుగా ఆడిట్ కమిటీనే. స్వతంత్ర ఆడిట్ కమిటీలో ఆడవాళ్ల సంఖ్యకీ, లాభాల్ని సాగదీసి చూపించడానికీ ఏ సంబంధమూ కనపడలేదు. అన్నిటికన్నా ముందు 2009లో ఆడమ్స్, ఫెరీరా చెప్పిన మాట ఉంది. ఆడవాళ్లు మీటింగులకి ఎక్కువగా వస్తారు, ఆడిట్ లాంటి కాపలా కమిటీల్లో ఎక్కువగా కూర్చుంటారు, వాళ్లున్న చోట మగవాళ్ల హాజరు కూడా బాగుపడుతుంది. అంతవరకూ సంతోషం. కానీ సగటున కంపెనీ పనితీరు మాత్రం దానివల్ల పెరగలేదు. పైగా ఏది ముందో ఏది వెనకో ఎవరికి తెలుసు? పద్ధతిగా నడిచే కంపెనీలే ఆడవాళ్లని పిలుస్తాయేమో. ఆడవాళ్లొచ్చాక పద్ధతి వచ్చిందని ఎలా అంటారు?

ఆడిటర్: ఆ ప్రశ్న న్యాయమైనదే. హాజరు సంగతి తేలిగ్గా తీసెయ్యకు. మీటింగుకి వచ్చి కాయితాలు చదవడమే సగం పని.

సెక్రటరీ: నేను కాయితాలు పంపేదాన్ని బాబాయ్, ఎవరు చదివి వస్తారో నాకు తెలుసు. ఆడవాళ్లు ఎక్కువ చదివి వస్తారు, నిజమే. ఎందుకో కూడా చెప్తాను. వాళ్లకి తప్పులు చేసే సౌకర్యం లేదు. ఒక పెద్దమనిషి తెలివితక్కువ ప్రశ్న వేస్తే "సార్ సరదాగా అన్నారు" అంటారు. ఒక ఆవిడ వేస్తే అది ఆవిడ తెలివికి కొలత అయి కూర్చుంటుంది. అందుకే ఆవిడ చదివి వస్తుంది. చదివొచ్చి కూడా సగం ప్రశ్నలు మింగేస్తుంది. ఇక మన చట్టం సంగతి చూడండి. 2013 కంపెనీల చట్టం 149వ సెక్షన్ ప్రకారం బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలి. సెబీ గడువు 2015 ఏప్రిల్ 1. ఆ ముందు నెలల్లో ఏం జరిగిందో దేశమంతా చూసింది. ప్రమోటరు భార్య, ప్రమోటరు కూతురు, ప్రమోటరు వదిన. లెక్కకి మహిళ, ఓటుకి ఇంటిమనిషి. అందుకే తర్వాత సెబీ వేసిన కోటక్ కమిటీ సిఫారసు మీద, మొదటి 500 కంపెనీలకి 2019 ఏప్రిల్ నుంచి, మొదటి వెయ్యికి 2020 ఏప్రిల్ నుంచి, ఆ మహిళ ఇండిపెండెంట్ కూడా అయి ఉండాలన్నారు. ఇంత చేసీ ఆడిట్ కమిటీలో ఆవిడ ఉండాలని మాత్రం ఎక్కడా లేదు.

ఆడిటర్: ఉండాలని నేను అంటాను. నువ్వే అన్నావుగా, చదివి వస్తారని.

సెక్రటరీ: చదివి, మింగేస్తారని కూడా అన్నాను. సత్యంలో ఉన్న ఆ ఒక్క మహిళ సంగతే తీసుకోండి. మంగళం శ్రీనివాసన్ 1991 నుంచి డైరెక్టరు, ఆడిట్ కమిటీ సభ్యురాలు కూడా. 2008 డిసెంబరు 16న మేటాస్ కంపెనీలు రెండింటినీ 160 కోట్ల డాలర్లకి కొనాలని బోర్డు తీర్మానించింది. రెండూ రాజు కుటుంబానివే. వాటాదార్లు గగ్గోలు పెడితే కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత అందరికన్నా ముందు రాజీనామా చేసింది ఆవిడే. రాజీనామా ఉత్తరంలో ఏం రాశారు? చర్చలో తాను అభ్యంతరాలు లేవనెత్తాననీ, ఓటు మాత్రం వ్యతిరేకంగా వెయ్యలేదనీ, దానికి నైతిక బాధ్యత తనదేననీ. అడగగలిగింది, అడ్డుకోలేకపోయింది. వైవిధ్యం చెయ్యగలిగింది అంతవరకే.

ఆడిటర్: పదిహేడేళ్లు ఒకే బోర్డులో కూర్చున్న మనిషి ఎవరైనా ఇంటిమనిషే అయిపోతారు. అది ఆడతనానికి సంబంధించిన పాఠం కాదు, కాలానికి సంబంధించినది. ఇప్పుడు చట్టం అయిదేళ్ల చొప్పున రెండు దఫాలే అంటోంది, మంచి పని. కానీ ఆ గదిలో ఇంకొకరు, ఆవిడ మాట పూర్తికాగానే "నాకూ అదే సందేహం" అని ఉంటే ఏమయ్యేదో ఆలోచించు. ఒంటరి అభ్యంతరం మర్యాదలో కలిసిపోతుంది. రెండోది వస్తే చర్చ అవుతుంది. మూడోది వస్తే వాయిదా. నాకు కావలసింది ఆ రెండో గొంతు. అది ఆడదా మగదా అన్న పట్టింపు నాకూ లేదు. కానీ ఒకే క్లబ్బులో సాయంత్రాలు గడిపే అయిదుగురు మగవాళ్ల మధ్యనుంచి ఆ రెండో గొంతు రాదు.

సెక్రటరీ: క్లబ్బా?

ఆడిటర్: వేళాకోళం కాదు. 2014లో బ్రయిన్‌సీల్స్, కార్డినేల్స్ అని ఇద్దరు పరిశోధకులు సరిగ్గా ఇదే చూశారు. ఆడిట్ కమిటీ సభ్యులకీ సీఈఓకీ ఉన్న పరిచయాల్ని రెండు రకాలుగా విడదీశారు. వృత్తి మీద, సలహాల మీద ఏర్పడ్డవి ఒక రకం. వాటివల్ల హాని కనపడలేదు. క్లబ్బులు, సరదాలు, స్నేహాల మీద ఏర్పడ్డవి ఇంకో రకం. అవి ఉన్న చోట ఆడిట్ మీద పెట్టే ఖర్చు తగ్గింది, లాభాల్ని సర్దుబాటు చెయ్యడం పెరిగింది. మన హైదరాబాదులో ఈ సంగతి పరిశోధించక్కర్లేదనుకో! ఎవరి పెళ్లికి ఎవరు ముందు వరసలో కూర్చున్నారో చూస్తే చాలు.

సెక్రటరీ: అదే ఏడాది బడొలాటో, డొనెల్సన్, ఈజ్ అని ముగ్గురు రాశారు. ఒట్టి ఆర్థిక నైపుణ్యం చాలదు, ఆ సభ్యులకి మేనేజ్‌మెంటుకి దీటైన హోదా కూడా ఉంటేనే లెక్కల్లో అవకతవకలు తగ్గుతాయని. అంటే లెక్క వచ్చి, దాంతోపాటు ఎదురు నిలబడగల స్థాయి ఉన్నవాళ్లు. నైపుణ్యమూ హోదా రెండూ ముఖ్యమైతే, మళ్లీ మీరు ఇందాక ఎత్తిపొడిచిన ఆ గొప్పవాళ్ల దగ్గరికే వస్తాం.

ఆడిటర్: ఒకచోట నువ్వు తప్పించుకుంటున్నావు. నైపుణ్యానికి తోడు హోదా అన్నారు. సత్యంలో ఉన్నది హోదా.

సెక్రటరీ: సరే. ఎన్రాన్‌లో రెండూ ఉన్నాయి.

ఆడిటర్: అక్కడ తాడు కూడా ఉంది.

(ఇద్దరూ చాలాసేపటినుంచి ఒకరి మాట ఒకరికి అప్పజెబుతున్నారని వాళ్లకి తెలుసో లేదో. ఆమె నైపుణ్యం అంటుంది, ఆయన ఆ నైపుణ్యం ఎవరి జీతగాడో చూడమంటాడు. ఆయన వైవిధ్యం అంటాడు, ఆమె అది ఎవరి చేతి ఎంపికో చూడమంటుంది. నా మటుకు నాకు, ఆడిట్ కమిటీ గురించి అడగవలసిన మొదటి ప్రశ్న ఈ రెండూ కాదు. ఎంచుకున్నది ఎవరు? తతిమ్మావన్నీ ఆ తర్వాతే. ఆ సంగతికి వాళ్లూ అప్పుడే వచ్చారు.)

సెక్రటరీ: అసలు చిక్కు ఎక్కడుందంటే బాబాయ్, వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డన మీద కాపలా పెట్టవలసిన మనిషిని కూడా ఆ వడ్డించేవాడే ఎంచుకుంటున్నాడు. ఇండిపెండెంట్ డైరెక్టరు పేరు ఎక్కడినుంచి వస్తుంది? నామినేషన్ కమిటీ అంటారు కాయితం మీద. పేరు ఫోన్లో ముందే వస్తుంది. మీటింగుకి లక్ష రూపాయలదాకా సిట్టింగ్ ఫీజు, పైన లాభంలో కమిషన్, ఇంకో రెండు కంపెనీల్లో సీటు వచ్చే అవకాశం. ఇదంతా ఎవరి దయ? అది తేలకుండా మీరు ఆడవాళ్లని వేసినా, డాక్టర్లని వేసినా, ఈశాన్యంనుంచి తెచ్చినా అదే తాడు.

ఆడిటర్: దానికీ దారుంది. 2022 జనవరినుంచి ఇండిపెండెంట్ డైరెక్టరు నియామకానికి ప్రత్యేక తీర్మానం కావాలి. వ్యతిరేకంగా పడ్డ ఓట్లకి మూడింతలు అనుకూలంగా పడాలి. ప్రమోటరు ఒక్కడి ఇష్టం అంత తేలిగ్గా చెల్లదు. ఇంకోటి ఎవరికీ గుర్తుండదు, చట్టంలో 151వ సెక్షన్. చిన్న వాటాదారులు, అంటే ముఖవిలువ 20,000 రూపాయలు మించకుండా షేర్లున్నవాళ్లు, తమకంటూ ఒక డైరెక్టర్ని ఎన్నుకోవచ్చు. నువ్వు ఎప్పుడైనా అలాంటి డైరెక్టర్ని చూశావా?

సెక్రటరీ: నా సర్వీసులో చూడలేదు. "ఉండవచ్చు" అన్నారు చట్టంలో, "ఉండాలి" అనలేదు.

ఆడిటర్: అదే మార్చాలంటాను. ఆడిట్ కమిటీలో ఒక కుర్చీ చిన్న వాటాదారులది. మా తెనాలిలో స్కూలు మాస్టార్లు పీఎఫ్ డబ్బు తీసి సత్యం షేర్లు కొన్నారు. వాళ్లలో ఒకరు ఆ గదిలో కూర్చుని, "అయిదువేల కోట్ల డిపాజిట్లు పెట్టుకుని మా డివిడెండు ఇంతేనా, బ్యాంకులో ఏ రేటుకి వేశారు, రసీదులు చూపించండి" అని అడిగితే? అకౌంటింగ్ ప్రమాణాలు ఆయనకి అక్కర్లేదు. తన డబ్బు అది. నాకు అసలైన వైవిధ్యం అదీ.

సెక్రటరీ: వినడానికి బాగుంది. రాజుగారి కుటుంబానికి 2008 నాటికి సత్యంలో ఎంత వాటా మిగిలిందో తెలుసా? ఎనిమిది శాతం పైచిలుకు. తొంభై శాతం పైన బయటివాళ్లదే. పెద్ద పెద్ద ఫండ్లు, విదేశీ సంస్థలు, మీ మాస్టార్లు. ఓటు బలం కావాలంటే అప్పుడూ ఉంది. వాడుకోలేదు. ఎనిమిది శాతంతో బోర్డు మొత్తాన్ని ఆయనే నడిపాడు. ఎన్నుకునే హక్కుంటే ఎన్నుకుంటారని ఎలా అనుకున్నారు?

ఆడిటర్: మేటాస్ రోజున వాడుకున్నారుగా! న్యూయార్కులో షేరు సగానికి పైగా పడిపోయింది. ఆ రాత్రికి రాత్రే బేరం ఆగింది. ఆడిట్ కమిటీ ఏళ్ల తరబడి చెయ్యలేనిది బయటివాళ్లు ఒక్క పూటలో చేశారు.

సెక్రటరీ: బేరం గోడ మీద రాసినట్టు కనిపించింది కాబట్టి. డిపాజిట్లు లేవన్నది వాళ్లకీ కనపడలేదు. అక్కడే మళ్లీ నా ఆర్టికల్డ్ క్లర్కు కావాలి. రెండు రోజుల తర్వాత, డిసెంబరు 18న, మారుపేరుతో ఎవరో ఒక డైరెక్టరుకి ఈమెయిల్ పంపారు. ఖాతాల్లో మోసం ఉందని. అది ఆడిట్ కమిటీ అధ్యక్షుడిదాకా, ఆడిటరుదాకా వెళ్లింది. లోపలి లెక్క తెలిసినవాడే రాసుంటాడు. నాకు కమిటీలో కావలసింది ఆ మారుపేరు మనిషి చదువున్నవాళ్లు.

ఆడిటర్: ఆ మారుపేరు మనిషి ధైర్యం అను, ఒప్పుకుంటాను. చదువున్నవాళ్లు ఆ ఆఫీసులో వందలమంది ఉన్నారు. సరే, ఇదంతా చట్టం మారాక. రేపటి సంగతి చెప్పు. నీ కంపెనీ కమిటీలో ఇప్పుడున్న మనుషులే ఉంటారనుకో. ఏం చేస్తావు?

సెక్రటరీ: మేనేజ్‌మెంటు లేకుండా కమిటీ ఒక్కటే ఆడిటరుతో కూర్చునే అరగంట ప్రతి అజెండాలోనూ పెడతాను. సీఎఫ్ఓ బయట ఉండాలి. నేను కూడా బయటికి వెళ్తాను. బ్యాంకు కన్ఫర్మేషన్లు ఎలా వచ్చాయో ప్రతిసారీ అడగాలని ప్రశ్నల చీటీలో రాసిస్తాను. మీరైతే?

ఆడిటర్: నేనైతే మినిట్స్ మారుస్తాను. ఇప్పుడెలా రాస్తావు? "కమిటీ పరిశీలించి నమోదు చేసుకుంది" అని. ఎవరు అడిగారు, ఏమి అడిగారు, ఏం జవాబు వచ్చింది అన్నది ఉండదు. వ్యతిరేకంగా ఓటేస్తే పేరు రాయాలని చట్టంలోనే ఉంది, 118వ సెక్షన్. సందేహం చెబితే పేరు రాయాలని లేదు. ప్రశ్న అడిగినవాళ్ల పేరు రాయి. చదవకుండా వచ్చేవాళ్లెవరో, మింగేసేవాళ్లెవరో నాలుగు మీటింగుల్లో తేలిపోతుంది. అప్పుడు వైవిధ్యం ఉందో లేదో ఫొటో చూడక్కర్లేదు.

సెక్రటరీ: పేర్లు రాస్తే ఎవరూ అడగరు బాబాయ్. రేపు కేసైతే ఆ పేరే పట్టుకుంటారని భయం. అడిగారంటే తెలిసినట్టే కదా, తెలిసీ ఎందుకు ఊరుకున్నారంటారు.

ఆడిటర్: రాయకపోతే, అడిగినావిడా అడగనాయనా రేపు కోర్టులో ఒకే వరసలో నిలబడతారు.

సెక్రటరీ: డ్రాఫ్టు మినిట్స్ పదిహేను రోజుల్లో సభ్యులందరికీ పంపాలి. పేర్లతో ఒకసారి పంపి చూస్తాను. ఎవరు ముందు ఫోన్ చేసి తీసెయ్యమంటారో చెప్తాను లెండి మీకు.

ఆడిటర్: పేరు కొట్టెయ్యమన్నవాళ్లని కాదు, ఎవరూ అడగకుండానే పేరు ఉంచమన్నవాళ్లని చెప్పు.